జడ కొస వయసు ఆరేళ్ళు

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. పుట్టిల్లు తెనాలి. ఇప్పుడు హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఉంటున్నాం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆరేళ్ళ పాప ఉంది. అత్తగారు మాతోనే ఉంటారు. బీటెక్ హాస్టల్లో ఉండగా పేలు పడితే జుట్టు మెడ దాకా కత్తిరించుకున్నాను. పెళ్ళినాటికి భుజాలు దాటలేదు. సవరం పెట్టి పూలజడ వేశారు. పీటల మీద కూర్చున్నప్పుడు వెనక ఎవరో ‘అది దొంగ జడ’ అని నవ్వడం వినబడింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా అమ్మమ్మకి మోకాళ్ళ దాకా జుట్టు ఉండేదని అందరూ చెబుతారు. నాకు ఊహ తెలిసేసరికి ఆమెది చిన్న ముడి. కానీ ఇంట్లో ఆమె పెళ్ళి ఫోటో ఉంది. పక్కకి తిరిగి నిలబడితే కుచ్చులు పెట్టిన జడ మోకాలిని తాకుతుంటుంది. ‘నీ అంత పెంచి చూపిస్తా అమ్మమ్మా’ అని మాటిచ్చాను. ఆమె 2021లో పోయారు. పెళ్ళయినప్పటి నుంచి పెంచుతూనే ఉన్నాను. నడినెత్తి నుంచి టేపు పెడితే 36 అంగుళాలు, పిరుదులు దాటింది. రెండేళ్ళుగా అక్కడే ఆగిపోయింది.

నిరుడు అక్టోబరులో డెంగ్యూ వచ్చింది. సంక్రాంతి నుంచి జుట్టు గుప్పెళ్ళకొద్దీ ఊడుతోంది. శ్రావణం వచ్చినా పూర్తిగా తగ్గలేదు. మాకు వచ్చేది బోరు నీళ్ళు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళు. బుధవారం, ఆదివారం తలస్నానం. ఆదివారం పొద్దున మూడు గంటలు దానికే పోతుంది. ముందురోజు రాత్రి ఆముదం, కొబ్బరినూనె కలిపి బాగా పట్టిస్తాను. మర్నాడు షాంపూ రెండుసార్లు పెట్టి, టవల్ బిగించి చుట్టి, టైం లేక తడి మీదే పైనుంచి కిందికి దువ్వేస్తాను. చిక్కులు తెగుతుంటే ఏడుపొస్తుంది. నడినెత్తిన ముడి వేస్తే సాయంత్రానికి తలనొప్పి.

అత్తగారు ‘లక్ష్మీకళ, కత్తెర పెట్టావంటే ఊరుకోను’ అంటారు. పప్పులో వెంట్రుక కనబడిన రోజు వేరేగా మాట్లాడతారు. మావారు ‘ప్రతి ఆదివారం నువ్వు బాత్రూంలో ఏడవడం నేను వినలేను, కట్ చేయించేసుకో’ అన్నారు. అమ్మ దిష్టి అంటుంది. పెంచనా? తీయించేయనా? ఏం చెయ్యాలో తెలియడం లేదు.

— పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. తల మీద వెంట్రుక నెలకి సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది. ఏడాదికి సుమారు ఆరంగుళాలు. మీ జడ 36 అంగుళాలంటే, దాని కొస ఆరేళ్ళ కిందట మీ నెత్తి మీద మొలిచింది. మీ పాపదీ మీ జడ కొసదీ ఒకే వయసు. వారానికి రెండు తలస్నానాల లెక్కన ఆ కొస ఆరొందల పైచిలుకు తలస్నానాలు చూసింది. అన్నిసార్లు షాంపూ, అన్నిసార్లు టవల్, రోజూ దువ్వెన, సీజన్ తర్వాత సీజన్ ట్యాంకర్ నీళ్ళు.

చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకకి ప్రాణం ఉండదు. దెబ్బ తింటే గోరు పక్కన గాయం మానినట్టు మానదు. పెట్టె అడుగున అమ్మమ్మ పట్టుచీర ఉంటే ఎంత నెమ్మదిగా తీసి మడత మారుస్తారో, నడుం కింద ఉన్న జుట్టుతో అలా మసలుకోవాలి. కుదుళ్ళ దగ్గరిది నిన్న కొన్న చీర, కాస్త మోటుగా ఉతికినా ఓర్చుకుంటుంది. పొడుగు జుట్టు కావాలనుకునేవాళ్ళు నూనెలూ పొడులూ అన్నీ కుదుళ్ళకే పెట్టి, కొసల సంగతి మరిచిపోతారు. ఎంత పెరగాలో చాలావరకు మన చేతిలో లేదు. పెరిగినదాన్ని నిలబెట్టుకోవడం మాత్రం ఉంది.

ఇక రెండేళ్ళుగా ఆగిపోయిందన్న మాట. దానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ప్రతి వెంట్రుకకీ పెరిగే కాలం ఇంత అని ఉంటుంది. మనిషిని బట్టి రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా. అది తీరాక ఆ వెంట్రుక రాలి, కొత్తది మొలుస్తుంది. మీ వెంట్రుకలకి ఆ కాలం ఆరేళ్ళే అయితే 36 అంగుళాలు మీ హద్దు, ఏ నూనె రాసినా దాన్ని దాటదు. రెండోది, పైన ఎంత పెరుగుతోందో కింద అంత తెగిపోతూ ఉండొచ్చు. మీ ఆదివారం పొద్దున గురించి చదివితే నాకు రెండోదాని మీదే అనుమానం. కానీ అనుమానంతో పని లేదు, మీరే తేల్చుకోవచ్చు.

ఒక వారం పాటు దువ్వెనకి వచ్చిన జుట్టు పారెయ్యకండి. తెల్ల కాగితం మీద ఒక్కొక్కటిగా పరవండి. ఒక చివర ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్క ఉంటే అది కుదురు దగ్గర నుంచి సహజంగా రాలిన వెంట్రుక. చుక్క లేకుండా జానెడు, బెత్తెడు ముక్కలుంటే అవి తెగినవి. పూర్తి పొడుగు వెంట్రుకలే ఎక్కువ వస్తుంటే హద్దుకి దగ్గరపడ్డారనో, జ్వరం తాలూకు రాలడం ఇంకా సాగుతోందనో అర్థం. ముక్కలే ఎక్కువైతే అది దువ్వెన, టవల్ చేసిన పని. దాన్ని ఆపవచ్చు.

డెంగ్యూ సంగతికి వస్తాను. పెద్ద జ్వరం వచ్చినా, కాన్పు అయినా, రెండు మూడు నెలల తర్వాత జుట్టు ఒక్కసారిగా రాలడం మామూలే. పెరగాల్సిన వెంట్రుకలు ఆ జ్వరం దెబ్బకి ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి, తర్వాత మూకుమ్మడిగా ఊడతాయి. అక్టోబరు జ్వరం, సంక్రాంతికి రాలడం, లెక్క సరిపోయింది. దిష్టి అని అమ్మ అనుకుంటే ఉప్పు తిప్పెయ్యనివ్వండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది. కానీ ఈ రాలడం సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకోవాలి. మీకు ఏడో నెల కూడా దాటింది. కాబట్టి చర్మవైద్యుల దగ్గరికి ఒకసారి వెళ్ళండి. హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెర్రిటిన్, థైరాయిడ్ చూడమంటారు. నెలసరి ఎక్కువగా అవుతుంటే అదీ చెప్పండి. జుట్టు కోసమని బయోటిన్ బిళ్ళలు వేసుకుంటుంటే ఆ మాట పరీక్షకి ముందే చెప్పాలి. అవి థైరాయిడ్ రిపోర్టుని తప్పుగా చూపించగలవు. అలాగే అద్దం దగ్గర నిలబడి పాపిట పక్కన చూసుకోండి. పొట్టి వెంట్రుకలు దూదిపింజల్లా లేచి నిలబడుతుంటే కొత్త జుట్టు వస్తున్నట్టే.

రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా ఉండేదే. భుజాల దాకా ఉన్నవాళ్ళకి అవి కనబడవు. గజం పొడుగున్న వంద వెంట్రుకలు మాత్రం చేతినిండా వస్తాయి. మీరు మూడు రోజులకోసారి తల తడుపుతారు, ఆ మూడు రోజులవీ ఒక్కసారే చేతికొస్తాయి. గుండె గుభేలుమంటుంది, నిజమే.

ఇప్పుడు మీ ఆదివారం పొద్దున చూద్దాం. నాకు ఎక్కువ బాధనిపించింది అక్కడే.

ఆముదం మానెయ్యండి. అది చిక్కటి నూనె. ఇంత పొడుగు జుట్టుకి పట్టిస్తే వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని అట్టకట్టే ప్రమాదం ఉంది. దాన్ని వదిలించడానికే మీరు రెండోసారి షాంపూ పెడుతున్నారు. కొబ్బరినూనె ఒక్కటి చాలు. 2003లో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెల్ని పోల్చి చూసిన ముంబయి పరిశోధకులు కొబ్బరినూనె ఒక్కటే వెంట్రుక లోపలికి దిగి, తలస్నానంలో పోయే ప్రొటీన్‌ని తగ్గిస్తోందని రాశారు. ఆ పని చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళే, ఆ సంగతీ తెలిసి ఉండాలి. అయినా మన ఇళ్ళలో తరతరాలుగా చూస్తున్నదానికి అది సరిపోతుంది. రాత్రంతా ఉంచక్కర్లేదు, రెండు మూడు గంటలు ముందు రాస్తే చాలు. అరచేతిలో రెండు చెంచాలు వేసుకుని, సగానికి పైగా నడుం కిందికే రాయండి.

తల తడపకముందే చిక్కు తీసెయ్యాలి. ఇది మాత్రం ఏ ఆదివారమూ తప్పొద్దు. తడి వెంట్రుక సాగుతుంది, పొడిదానికంటే తేలిగ్గా తెగుతుంది. మీరు తడి మీద, అదీ పైనుంచి దువ్వడంతో పైన ఉన్న చిన్న చిక్కులన్నీ కిందికి జారి కొస దగ్గర ఒకే ముడిగా బిగుసుకుంటున్నాయి. ఆ ముడిలో ఆరేళ్ళ జుట్టు ఉంది. లాగితే తెగకేం చేస్తుంది?

కుర్చీ మీద కాకుండా కింద చాప వేసుకుని కూర్చోండి. జుట్టుని నాలుగు పాయలు చెయ్యండి. ఒక పాయని భుజం మీదుగా ముందుకి తెచ్చుకుని, కొసకి బెత్తెడు పైన ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోండి. లాగిన లాగుడు ఆ పిడికిలి దగ్గరే ఆగిపోవాలి, కుదురుదాకా పోకూడదు. పెద్ద పళ్ళ దువ్వెనతో ఆ బెత్తెడే దువ్వండి. అది జారిపోయాక పిడికిలి ఇంకో బెత్తెడు పైకి. చిక్కు గట్టిగా తగిలితే దువ్వెన పక్కన పెట్టి, చుక్క కొబ్బరినూనె వేసి, హెయిర్‌పిన్ కొసతో ఒక్కొక్క పోగు విడదీయండి. పూసలదండ చిక్కుపడితే విప్పుతామే, అలా. మొదటివారం అరగంట పడుతుంది. నెల తిరిగేసరికి పదిహేను నిమిషాలు.

విడదీసిన నాలుగు పాయల్నీ వదులుగా అల్లి, ఆ జడలతోనే తలస్నానం చెయ్యండి. షాంపూని మగ్గు నీళ్ళలో కలిపి పాపిళ్ళ వెంట నెత్తికి మాత్రమే పోసి వేళ్ళతో రుద్దండి. జుట్టంతా నెత్తిన కుప్ప పోసి బట్టలు పిసికినట్టు పిసకడం వద్దు. కిందికి జారే నురగ కొసలకి చాలు. కండిషనర్ చెవుల కిందనుంచి రాయాలి. మందారాకు నూరిన జిగురు గానీ, నానబెట్టి రుబ్బిన మెంతులు వడకట్టిన నీళ్ళు గానీ దాదాపు అదే పని చేస్తాయి. అవి జుట్టుని పెంచుతాయని కాదు, వెంట్రుకల మధ్య జారుడు వస్తుంది. కుంకుడు రసం అలవాటైతే వాడండి, మెత్తటి గుడ్డలో వడగట్టాలి. సీకాయ పొడి పలుకులు ఇంత జుట్టులో ఇరుక్కుంటే సాయంత్రం దాకా రావు.

నీళ్ళ గురించి రాశారు. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వెంట్రుక మీద పేరుకుని గరుకెక్కిస్తాయి, చిక్కు పెంచుతాయి. వెంట్రుక కుదురు దగ్గర ఊడిపోవడానికి మాత్రం నేరం నీళ్ళ మీద వెయ్యలేం. గీజర్‌లో పేరుకున్న తెల్లటి పెచ్చులు చూసే ఉంటారు, అదే జుట్టుకీ పడుతుంది. ఆఖరున ఒక్కసారి రెండు చెంబుల మంజీరా కుళాయి నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో కొసల మీదుగా పోసుకుంటే చాలు. నీళ్ళు గోరువెచ్చన దాటకూడదు.

టవల్ బదులు పాత నూలు చీర ముక్క పెట్టుకోండి. అది మెత్తన, నీళ్ళు బాగా పీలుస్తుంది. అద్దుతూ పోవాలి, విదిలించకూడదు. మా చిన్నప్పుడు నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచి ఆరబెట్టేవారు. మా అమ్మ ఒక పక్క ఆరగానే ఒత్తిగిలి రెండో పక్క పరిచేది. ఆ ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు, ఫ్యాన్ గాలి చాలు. తడి జుట్టుకి ముడి మాత్రం వద్దు. వాసన అక్కడే మొదలవుతుంది.

బుధవారం తలస్నానం నెత్తి జిడ్డు పట్టకపోతే మానెయ్యండి. మీ కొసలకి ఏడాదికి యాభై తలస్నానాలు తగ్గుతాయి.

తలనొప్పి ఆ నడినెత్తి ముడి వల్లే అయ్యుండొచ్చు. బరువంతా ఒక్కచోట వేలాడుతోంది. మెడ దగ్గర వదులు కొప్పు గానీ, మామూలు జడ గానీ వేసి పది రోజులు చూడండి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకి చెప్పండి. కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతోందేమో చూసుకోండి. గట్టిగా లాగి కట్టడం ఏళ్ళ తరబడి సాగితే అక్కడ పోయిన జుట్టు తిరిగి రాకపోవచ్చు. ఎప్పుడైనా స్కూటీ ఎక్కితే జడని మడిచి చున్నీతో సహా కోటు లోపల పెట్టుకోండి. చక్రంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. పడుకునేటప్పుడు వదులు జడ, నున్నటి దిండు గలేబు.

ఇంట్లోవాళ్ళ మాటలు చూద్దాం. మీవారు జుట్టు కట్ చేయించుకో అన్నారని రాశారు. ఆ వాక్యం ముందు భాగం ఇంకోసారి చదువుకోండి. ‘నువ్వు ఏడవడం నేను వినలేను’ అన్నారాయన. ఆయన బాధ మీ ఏడుపు. ఆదివారం ఒక అరగంట పాపని ఆయన చూసుకుంటే మీ తొందర పోతుంది, తొందర పోతే సగం చిక్కులు పోతాయి. అడగండి. వెనక పాయలు పట్టుకోమన్నా పట్టుకుంటారేమో.

అత్తగారి విషయంలో రెండు సంగతులు కలిసిపోయాయి. పప్పులో వెంట్రుక గురించి ఆవిడ అన్నది న్యాయమైన మాట. వంటింట్లోకి వెళ్ళేముందు కొప్పు వేసి తలకి రుమాలు కట్టుకోండి. బాల్కనీలో పాత పేపరు పరిచి దువ్వుకోండి, రాలినది చుట్టి పారెయ్యండి. బాత్రూం జాలీ మీద ఇంకో చిన్న జాలీ వెయ్యండి. ఇవి చేశాక, కత్తెర పెట్టాలా వద్దా అన్నది మాత్రం మీ తల మీది సంగతి. ఆవిడకి ఎదురు చెప్పక్కర్లేదు. ‘డాక్టరు రిపోర్టులు రానివ్వండి అత్తయ్యా, అప్పుడు చూద్దాం’ అంటే చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మోకాళ్ళ దాకానే కావాలంటే ఇంకా తొమ్మిది అంగుళాలు పెరగాలి. కొసలు కత్తిరిస్తే జుట్టు పెరుగుతుందన్నది నిజం కాదు, పెరిగేది కుదురు దగ్గర. కానీ చిట్లిన కొసని వదిలేస్తే చీర అంచు పోగు ఊడినట్టు పైకి పాకుతుంది. అందుకని నాలుగు నెలలకి అరంగుళం తీయించాలి. అంటే ఏడాదికి మిగిలేది నాలుగున్నర. రెండేళ్ళు పడుతుంది, అదీ మీ హద్దు 36 దగ్గర లేకపోతేనే. ఏడాది పాటు శ్రద్ధగా చూసి, వచ్చే శ్రావణానికి టేపు పెట్టండి. ఒక్క అంగుళం కూడా కదలకపోతే మీ జుట్టు తన మాట చెప్పేసినట్టే.

లేదా ఇక్కడే ఆగవచ్చు. పలచబడిన కింది మూడు నాలుగు అంగుళాలు తీయించేస్తే జడ అడుగు దాకా ఒకే లావుగా కనబడుతుంది. పిరుదుల దాకా ఉన్నది ఎవరి లెక్కలోనైనా బారెడు జడే. నాకైతే ఇదే నచ్చుతుంది. మూడో దారి, నడుం పైదాకా తీయించడం. ఆదివారాలు తిరిగొస్తాయి, తల తేలికవుతుంది. కోసిన జడ క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం ఇవ్వవచ్చు. పొడవు ఎంత ఉండాలో, రంగు వేసింది తీసుకుంటారో లేదో ముందే అడగాలి. కానీ పదహారు అంగుళాలు పోతే మళ్ళీ రావడానికి రెండున్నరేళ్ళ పైనే పడుతుంది. కాబట్టి జుట్టు ఊడుతున్న ఈ రోజుల్లో, ఏడ్చిన ఆదివారం సాయంత్రం ఆ నిర్ణయం వద్దు. పరీక్షలు అయ్యాక, మనసు మామూలుగా ఉన్న రోజున. తిరుమల వెళ్ళే ఆలోచన ఉంటే ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇచ్చి వస్తారు కదా, ఆ మాట మీద అత్తగారు కూడా అడ్డు చెప్పరు.

ఒక్క సంగతి అడగనా? అమ్మమ్మ పెళ్ళి ఫోటోలో జడకి కుచ్చులు ఉన్నాయని రాశారు. కుచ్చులే జానెడు ఉంటాయి. ఆ రోజుల్లో పెళ్ళికూతురి జడకి సవరం కలిపి అల్లడం చాలా ఇళ్ళలో మామూలు, జుట్టు బాగా ఉన్నవాళ్ళకి కూడా. లావూ పొడుగూ చాలకపోతే కుచ్చులూ గంటలూ నిలవవు. ఎవరూ దాన్ని దొంగ జడ అనేవారు కాదు. నగ లాగే అదీ పెళ్ళి అలంకారం. మీ అమ్మమ్మ పెట్టుకున్నారో లేదో నాకు తెలియదు. మీ అమ్మగారికి తెలిసి ఉంటుంది. ఈసారి తెనాలి వెళ్ళినప్పుడు ఆ ఫోటో దగ్గర పెట్టుకుని అడగండి. పాత పెట్టెల్లో సవరం ఏదైనా కనబడితే, మీ జడ పక్కన పెట్టి చూసుకోండి.